పాత ప్రకటనలో బ్యాగ్‌పైపర్: ఎవరతను, ఏ పటాలం?



పాత పత్రికల కట్ట విప్పినా, అటక మీది రేకు డబ్బా మూత తుడిచినా విదేశీ సరుకుల ప్రకటనల్లో ఒక మనిషి తారసపడుతుంటాడు. మోకాళ్లు కనిపించేలా మడతల గళ్ల పావడా, నడుముకు ముందు వేలాడే వెంట్రుకల సంచి, తల మీద నల్లటి ఈకల టోపీ, చంకలో ఉబ్బిన తిత్తి, భుజం మీద నిటారుగా గొట్టాలు. బ్యాగ్‌పైపర్ అని అందరికీ తెలుసు. అక్కడితో ఆగక ఎవరీ మనిషి, ఏ పటాలంవాడు, ఏ కాలంవాడు అని అడిగితే మాత్రం తలో మాట చెబుతారు. స్కాట్లండు సిపాయి అంటారొకరు. మన బందరు కోటలో కాపురమున్న దొరల తాలూకు అంటారు ఇంకొకరు. ఉత్త అలంకారం, అందులో చరిత్ర వెదకడం వృథా అని మూడోవారు కొట్టిపారేస్తారు. ఈ ముగ్గురి మాటా నేను ఒప్పుకోను. ప్రకటన బొమ్మకూ సాక్ష్యం చెప్పే శక్తి ఉంది. ఆ సాక్షిని ప్రశ్నించడం తెలియాలి, అంతే. సరుకు అమ్మడానికి పనికొచ్చే వివరాన్ని అనుమానించాలి. అమ్మకానికి ఎందుకూ కొరగాని చిన్న వివరాన్ని నమ్మాలి. బొమ్మ గీసినవాడికి ఈకల టోపీ విషయంలో అబద్ధం చెప్పే అవసరం ఉండొచ్చు. సంచి మీది కుచ్చులు రెండా అయిదా అన్న విషయంలో ఏ అవసరమూ ఉండదు.

ఈ పద్ధతి అవసరం కృష్ణా డెల్టా దిగువన మరీ ఎక్కువ. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో పోయినవారు అధికారిక లెక్కల్లోనే 10,000 మంది దాటారు. మనుషులకే దిక్కులేని చోట కాగితాల మాట చెప్పేదేముంది? మిగిలినవాటిలోనూ తేదీ ఉన్నవి తక్కువ. పత్రికలను సంపుటాలుగా బైండు చేయించేటప్పుడు అట్టల్నీ ప్రకటన పేజీల్నీ తీసి పారేయడం చాలా గ్రంథాలయాల్లో ఉన్న అలవాటే. వ్యాసం నిలిచింది, ప్రకటన పోయింది. పోకుండా దొరికేది కత్తిరించిన ముక్క, దాని మీద తేదీ ఉండదు. ఇందులో ఒక అన్యాయం ఉంది. పామర్రు దగ్గరి ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. మందు అమ్మిన చేత్తోనే పత్రిక నడిపిన చరిత్ర మనది. ప్రకటన పేజీని చిత్తుకాగితంగా చూడటం మనకు తగదు. తేదీ లేని ముక్కకు తేదీ కట్టాలంటే బొమ్మలోని బట్టలే ఆధారం.

బట్టలకంటే ముందు వాయిద్యాన్ని చూడాలి. తిత్తి మనకు కొత్త కాదు. బందరుకు ఎంతో దూరం లేని కూచిపూడిలో, యక్షగానాల్లో, వీధి భాగవతాల్లో హార్మోనియం రాకముందు శ్రుతి పట్టింది మేకతోలు తిత్తే. అయితే అది శ్రుతికి మాత్రమే. ఊదేవాడు ఒక్క స్వరాన్ని తెగకుండా నిలబెడతాడు, పాట మాత్రం పాడేవాళ్లది. స్కాట్లండు కొండసీమ వాయిద్యంలో శ్రుతి గొట్టాలు మూడు, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. వాటితోపాటు వేళ్లాడించి పాట పలికించే గొట్టం వేరే ఉంటుంది. బొమ్మలోని వేళ్లు ఆ గొట్టం బెజ్జాల మీద ఉన్నాయో లేదో చూస్తే మన శ్రుతి తిత్తికీ దీనికీ తేడా తేలిపోతుంది. గొట్టాలు రెండే గీస్తే రెండు దారులున్నాయి. రెండు శ్రుతి గొట్టాల వాయిద్యం పూర్వం నిజంగానే ఉండేది కాబట్టి చిత్రకారుడు ఏదో పాత చిత్రాన్ని చూసి గీసి ఉండాలి, లేదా లెక్క తప్పి ఉండాలి. ఏది నిజమో మిగతా బట్టలు చెబుతాయి.

వాయిద్యం దగ్గరే ఇంకో మెలిక ఉంది. మామూలుగా తిత్తి ఎడమ చంకలో ఉంటుంది, గొట్టాలు ఎడమ భుజం మీద ఆనుతాయి. బొమ్మలో అవి కుడి భుజం మీద కనబడితే వెంటనే ఎడమచేతివాటం పైపర్ అనేయకూడదు. పెడనలో అద్దకం అచ్చు చెక్కేవాళ్లను అడగండి. చెక్కలో కుడివైపు చెక్కిన చిలక బట్ట మీద ఎడమకు తిరుగుతుంది. పత్రిక అచ్చుకూ రాతి అచ్చుకూ అదే ధర్మం. బొమ్మను తిప్పి చెక్కాలని మరిచిపోతే మనిషి మొత్తం అద్దంలోలా తిరగబడతాడు. అందుకే పతకాలు చూడాలి. సైనికుడు పతకాలు ఎడమ రొమ్మున పెట్టుకుంటాడు. మగవాళ్ల కోటులో ఎడమ అంచు పైకి వస్తుంది. ఈ రెండూ గొట్టాలతోపాటు తిరగబడితే తప్పు అచ్చుది. పతకాలు సరిగ్గా ఉండి గొట్టాలొక్కటే కుడివైపు ఉంటే, నిజంగా ఎడమచేతివాటం మనిషైనా కావాలి, వాయిద్యం తెలియని చిత్రకారుడైనా కావాలి.

ఇక బట్టలు. స్కాట్లండు పటాలాలన్నీ ఎప్పుడూ పావడా కట్టినవే అన్నది జనంలో బలపడిన పొరపాటు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్న 73, 74, 75 నంబరు హైలాండ్ (కొండసీమ) పటాలాలకు, మరో మూడింటికి 1809లో బ్రిటిష్ ప్రభుత్వం పావడా తీసేసింది. కొండసీమలో సిపాయిలు దొరకడం కష్టమై, పావడా కట్టాలంటే ఇంగ్లండువాళ్లు, ఐర్లండువాళ్లు చేరరని భయపడింది. కాబట్టి టిప్పు కాలపు మైసూరు యుద్ధాల సిపాయి అని ఒక బొమ్మను చూపిస్తే, పావడా ఉంటే చాలదు. పటాలం పేరూ కాలమూ కుదరాలి. రెండో గుర్తు కోటు. 1855కి ముందు సిపాయి కోటు ముందు పొట్టిగా కత్తిరించి వెనక తోకలతో ఉండేది. ఆ ఏడాది మార్పులు వచ్చాక కొండసీమ పటాలాలకు నడుము కింద రెక్కల్లాంటి అంచులున్న డబ్లెట్ వచ్చింది. ఆ అంచులు బొమ్మలో ఉన్నాయంటే అది 1855కి ముందుది కాదు. మూడోది రంగు. సిపాయిలు ఎర్ర కోటు తొడిగితే, చాలా హైలాండ్ పటాలాల్లో పైపర్లు పచ్చ డబ్లెట్ తొడిగేవారు. రంగుల ప్రకటనలో పైపర్‌కు ఎర్ర కోటు వేశారంటే చిత్రకారుడు సిపాయి బొమ్మ తీసుకుని చేతిలో వాయిద్యం పెట్టాడేమో అని సందేహించాలి. ఎరుపు కంటికి ఆనుతుంది, అమ్ముతుంది. పచ్చ అమ్మదు. అందుకే పచ్చ కోటు పైపర్ కనబడితే ఆ చిత్రకారుడు నిజమైన మనిషినో, మంచి చిత్రాన్నో ఎదుట పెట్టుకున్నాడని నేను నమ్ముతాను.

వెంట్రుకల సంచి మరీ మాట్లాడుతుంది. దాన్ని స్పోరాన్ అంటారు. తెల్ల సంచి మీద అయిదు నల్ల కుచ్చులుంటే బ్లాక్ వాచ్ పటాలం. తెలుపు మీద రెండు నలుపులుంటే గోర్డన్ గానీ సీఫోర్త్ గానీ. నలుపు మీద రెండు తెలుపులైతే కామెరాన్, ఆరు తెలుపులైతే ఆర్గైల్. ఇది సిపాయిల లెక్క. పైపర్ల సంచులకు కొన్ని పటాలాల్లో వేరే పద్ధతి ఉండేది కాబట్టి ఒక్క సంచితోనే తీర్పు చెప్పలేం. మేజోళ్ల మీది తెల్ల తొడుగులకు నల్ల బొత్తాలుంటే అవి గోర్డన్ వైపు మొగ్గు చూపుతాయి. సరుకు కొనేవాడు ఎన్నడూ లెక్కపెట్టని బొత్తాలు ఇవి.

గళ్ల బట్ట చూస్తే సరిపోదా అంటారు. పటాలానికో గళ్ల వరస ఉన్నమాట నిజమే. నలుపు తెలుపు అచ్చులో మాత్రం అది మోసం చేస్తుంది. గోర్డన్ గళ్లు బ్లాక్ వాచ్ ముదురు నీలం, పచ్చ గళ్ల మీద ఒక పసుపు గీత వేసినవి. పాత ఫొటో పలకలకు నీలం తెల్లబారి, పసుపూ ఎరుపూ నల్లబడేవి. ఆ పసుపు గీత ఫొటోలో ముదురు గళ్లలో కలిసిపోతే గోర్డన్ మనిషి బ్లాక్ వాచ్ మనిషైపోతాడు. ఫొటో చూసి గీసిన ప్రకటన బొమ్మలో గళ్లను బట్టి పటాలం చెప్పడం కంటే కుచ్చులు లెక్కపెట్టడమే మేలు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. ప్రకటనల కాలంలో పేరుతో సహా గుర్తు పట్టదగిన పైపర్ ఒకడున్నాడు, జార్జ్ ఫిండ్లేటర్. 1897 అక్టోబరు 20న వాయవ్య సరిహద్దులోని తీరా ప్రాంతంలో, దార్గయి కొండమీద గోర్డన్ హైలాండర్స్ మొదటి బెటాలియన్ దాడి చేసింది. పైపర్లు ముందు నడిచారు, మరికొందరూ గాయపడ్డారు. ఫిండ్లేటర్‌కు కాళ్లలో గుళ్లు తగిలి నిలబడలేక, రాయికి ఆనుకుని కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు. మర్నాటి పత్రికలకు అది చాలు. 1898లో విక్టోరియా రాణి చేతి మీదుగా విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఆ వెంటనే లండన్ అల్‌హంబ్రా నాటకశాలలో డబ్బుకు వాయించాడు. సైన్యం గొప్ప పతకం పొందినవాడు వినోదశాలలో వాయించడమేమిటని పెద్దలు విసుక్కున్నారు, పార్లమెంటులోనూ మాట వచ్చింది. వాళ్లిచ్చే పింఛనుతో బతకడమెలాగని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ గొడవకు ఇక్కడ పని లేదు గానీ ఒక సంగతి మనకు కావాలి. రాయి మీద కూర్చుని వాయించే పైపర్ అన్న భంగిమ అప్పటినుంచి ఒక మనిషి పేరయింది. చిత్రకారులు దాన్ని పదేపదే గీశారు. కాబట్టి కూర్చున్న పైపర్ బొమ్మ దొరికితే అది 1897 అక్టోబరుకు ముందుది కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

అయితే ఇక్కడే బట్టలు అడ్డు తగులుతాయి. దార్గయి కొండెక్కిన మనిషి ఒంటిమీద ఖాకీ కోటు, తలమీద ఎండ టోపీ, నడుముకు పావడా ఉన్నాయి. ఈకల టోపీ, రంగు డబ్లెట్ కవాతు రోజు బట్టలు. కూర్చున్న పైపర్‌కు ఈకల టోపీ పెట్టి ఉంటే, భంగిమ ఫిండ్లేటర్‌ది, బట్టలు వేరెవరివో. ఏది నమ్మాలి? భంగిమ అమ్మకానికి పెట్టింది. అందరికీ తెలిసిన వీరుడు కదా. ఈకల టోపీ కూడా అమ్మకానికే. ఈ రెండిట్లో దేన్నీ పూర్తిగా నమ్మక కుచ్చులూ బొత్తాలూ చూడాలి. అవి గోర్డన్‌వైతే చిత్రకారుడు కావాలనే ఫిండ్లేటర్‌కు పండగ బట్టలు తొడిగాడు. కాకపోతే భంగిమ మాత్రం అరువు తెచ్చి ఎవరో బొమ్మకు అతికించాడు. ఇంకో చిత్రం ఉంది. దార్గయిలో పోరాడిన ఆ మొదటి బెటాలియన్ ఒకప్పటి 75వ పటాలమే, 1809లో పావడా పోగొట్టుకున్నదే. 1881లో 92వ పటాలంతో కలిపి గోర్డన్ హైలాండర్స్ అని పేరు పెట్టాకే పావడా మళ్లీ దక్కింది. 1881కి ముందే ఆ కొండ ఎక్కి ఉంటే ఫిండ్లేటర్ బొమ్మ ప్యాంటుతో ఉండేది.

మనిషి పేరు విషయంలో తొందరపాటు ఎంత నష్టమో క్యాంప్ కాఫీ సీసా చూపిస్తుంది. గ్లాస్గోలోని పాటర్సన్ కంపెనీ 1876లో తెచ్చిన చికోరీ కలిపిన కాఫీ సారం అది. చీటీ మీద గుడారం ముందు కూర్చున్న పావడా సైనికుడు, పక్కన తలపాగా సేవకుడు. ఆ సేవకుడి చేతిలోని పళ్లెం తర్వాతి కాలంలో మాయమైంది. 2006లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆ సైనికుడు గోర్డన్ పటాలంలో మామూలు సిపాయిగా చేరి సేనాధిపతి అయిన హెక్టర్ మెక్‌డోనల్డ్ అని వాడుకలో ఉన్న మాట. 1876కు అతనింకా అధికారి కూడా కాలేదు. ఆఫ్ఘన్ యుద్ధంలో ఉండగా 1880లో అధికారి అయ్యాడు. దేశమంతా పేరు మోగింది 1898 ఓమ్‌దుర్మాన్ యుద్ధంతో. కాఫీ అమ్మడానికి పేరులేని సార్జెంటు పేరు ఎవరికి కావాలి? బొమ్మ ముందు, పేరు తర్వాత అని నా ఊహ. బట్టలు గోర్డన్ పటాలం అని చెబితే చెప్పొచ్చు, మనిషి ఎవరో చెప్పవు. పటాలం బట్టలున్నది మనుషులందర్నీ ఒకేలా కనబడేట్టు చేయడానికే కదా!

ఇన్ని మాటలూ దండగ, చిత్రకారుడు ఎప్పుడూ స్కాట్లండు చూడకుండా, దొరికిన బొమ్మలు చూసి ఒకదాని టోపీ, ఒకదాని కోటు కలిపి గీశాడు, అలాంటి అతుకుల బొమ్మ ఏ చరిత్ర చెబుతుందని ఒక అభ్యంతరం ఉంది. అతుకులు వేయడానికైనా ముక్కలు కావాలి గదా. బొమ్మలోని అన్నిటికంటే కొత్త ముక్క ఏ ఏడుదో తెలిస్తే, బొమ్మ ఆ ఏడుకు ముందుది కాదు. పాత ముక్కలు ఎన్ని ఉన్నా ఆ మాట మారదు. అంటే మన పద్ధతి ఇచ్చేది కింది హద్దు మాత్రమే. పై హద్దు బట్టల్లో దొరకదు. కంపెనీలు ఒకే అచ్చుదిమ్మను ఏళ్ల తరబడి వాడేవి. దిమ్మ పరదేశంనుంచి తయారై వచ్చేది, పక్కన తెలుగు అక్షరాలు ఇక్కడ కూర్చేవారు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టి, ప్రమోద కుమార చటర్జీ అక్కడ చిత్రకళ నేర్పిన తర్వాత తెలుగు చేతి రేఖకంటూ ఒక తీరు వచ్చింది. సన్నని గీతలతో నీడలు నింపిన పైపర్ పక్కన అలాంటి చేతి అక్షరాలుంటే, బొమ్మ వయసూ అక్షరాల వయసూ వేరని తెలుసుకోవాలి.

రెండో అభ్యంతరం స్థానికాభిమానంతో వచ్చేది. ఇంగ్లీషువాళ్లు 1611లోనే బందరులో కొట్టు పెట్టారు, 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ అనే సేనాని ఫ్రెంచివాళ్లనుంచి బందరు కోటను రాత్రిదాడిలో పట్టుకున్నాడు, కాబట్టి ఆ పైపర్ మన కోట సిపాయే కావచ్చుగా అని. ఫోర్డ్ తెచ్చింది బెంగాలు నుంచి వచ్చిన యూరోపియన్ దళం, నాటు సిపాయిలు. ఈ ఊళ్లో ఇంగ్లీషువాడు ఉన్నంత మాత్రాన పావడా కట్టిన స్కాట్లండువాడు ఉన్నట్టు కాదు. పైగా సైన్యంలో పైపర్లకు ప్రభుత్వ జాబితాలో స్థానం దొరికింది 1854లో. అంతకు ముందు పటాలం అధికారులే సొంత ఖర్చుతో పెట్టుకునేవారు. బొమ్మకు బందరు చిరునామా ఉందంటే సరుకు బందరుకు వచ్చిందని అర్థం, మనిషి వచ్చాడని కాదు.

మూడోది బలమైన అభ్యంతరం. పైపర్ స్కాట్లండువాడే కానక్కరలేదు. సిక్కు, గూర్ఖా, గఢ్‌వాల్ పటాలాలు బ్యాగ్‌పైపులు పట్టి ఇప్పటికీ వాయిస్తున్నాయి. ఏటా జనవరి 29న ఢిల్లీ బీటింగ్ రిట్రీట్‌లో చూస్తూనే ఉన్నాం. ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. భారతీయ పైపర్లకు మామూలుగా పావడా ఉండదు. ప్యాంటు మీద, భుజం నుంచి వేలాడే గళ్ల గుడ్డ, తలపాగా లేదా గూర్ఖా టోపీ ఉంటాయి. తలపాగాతోపాటు పావడా కూడా కనబడితే అది ఏ పటాలానిదీ కాకపోవచ్చు, పెళ్లి బ్యాండు వేషమో చిత్రకారుడి కల్పనో అయి ఉంటుంది. రెండూ అమ్మకానికి పనికొచ్చే వివరాలే, రెండిటినీ అనుమానించాల్సిందే.

గుడివాడ వైపు వాళ్లకు బ్యాగ్‌పైపర్ అనగానే గుర్తొచ్చేది పటాలం కాదు, సీసా. 1976లో హెర్బర్ట్‌సన్స్ కంపెనీ తెచ్చిన విస్కీకి ఆ పేరే పెట్టారు.  కేబుల్ టీవీలో మద్యం ప్రకటనలు 2000లో నిషిద్ధమైతే అదే పేరుతో సోడా ప్రకటనలు నడిచాయి. ఇలాంటి పైపర్‌ను పటాలంలో చేర్చే ప్రయత్నం నేను చేయను. అక్కడ పైపర్ పేరుకు బొమ్మ, అంతే. అలాంటి ముక్క చేతికి వస్తే బట్టలు వదిలి అంచులు చదవడం మంచిది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రావడానికి ముందుదో, ఆ తర్వాత కొద్దికాలానిదో. నయాపైసలు అని ఉంటే 1957కి ముందుది కాదు. 1964 జూన్‌లో నయా అన్న మాట తీసేశాక అలా అచ్చేయడం అరుదు. చిరునామాలో ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు వరకు. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత. విస్కీ పేరు గనక ఉంటే, బొమ్మ ఎంత పాతగా కనిపించినా 1976కు ఇవతలిదే.